పెనం మీద ఎండుమిరపకాయలు

నాకు వంట రాదని మా అత్తవారి వైపు చాలాకాలం చెప్పుకున్నారు. అబద్ధమేమీ కాదు. పెళ్ళయ్యేనాటికి నాకు వచ్చింది అన్నం, పప్పుచారు, చేపల పులుసు. ఆ తర్వాత నేర్చుకున్నవాటి పేర్లు పలకడానికి మావాళ్ళకి నోరు తిరగదు. టోర్టియాలు, ఎన్చిలాడాలు, సాల్సా. కోడూరు పక్క పల్లెలో పుట్టినదానికి ఈ వంటలు ఎలా అబ్బాయని అడిగినవాళ్ళకల్లా ఒకటే జవాబు చెప్పేదాన్ని. కువైట్‌లో ఒక అమెరికా వాళ్ళింట్లో ఆరేళ్ళకి పైగా వంటమనిషిగా చేశాను. ఇందులో గొప్పా లేదు, వింతా లేదు.

మా ఆయన రొయ్యల చెరువు మీద కాపలా ఉండేవాడు. ఒకరోజు గట్టు మీద పాము కరిచింది. అవనిగడ్డ చేరేలోపే అయిపోయింది. అప్పటికి మా అమ్మాయికి నాలుగేళ్ళు. మా ఆయన అక్క, అంటే నాకు వదిన, బందరులో ఉండేది. ఆవిడ భర్త చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ పని చేసేవాడు. వాళ్ళకి పిల్లల్లేరు. "పిల్లని నాకొదిలెయ్యవే. నీ బతుకు నువ్వు చూసుకుని రా" అంది వదిన. ఆ మాట ప్రేమతోనే అంది. నేనూ ప్రేమతోనే వదిలాను. ఎవరూ ఎవరికీ అన్యాయం చెయ్యకుండానే ఇంత జరగొచ్చని అప్పుడు నాకు తెలీదు.

కువైట్‌లో మా మేడం సొంతూరు అమెరికాలో న్యూ మెక్సికో అనే రాష్ట్రం. పక్కనే మెక్సికో దేశం, అందుకే వాళ్ళ తిండికీ మన తిండికీ చుట్టరికం ఉంది. ఉల్లి, వెల్లుల్లి, జీలకర్ర, కొత్తిమీర, మిరపకాయ అన్నీ ఉంటాయి, చేసే తీరు మాత్రం వేరు. సెలవులకి వెళ్ళొచ్చినప్పుడల్లా ఆవిడ సూట్‌కేసు నిండా ఎండుమిరపకాయలు తెచ్చేది. అరచెయ్యంత కాయలు, ముదురు ఎరుపు. నూనె లేకుండా పెనం మీద వేయించి, వేణ్ణీళ్ళలో నానబెట్టి, వెల్లుల్లి వేసి గుజ్జు రుబ్బాలి. టోర్టియా అంటే మొక్కజొన్న రొట్టె. దాన్ని ఆ గుజ్జులో ముంచి, లోపల కూర పెట్టి చుడితే ఎన్చిలాడా. కాయలు వేగుతున్నప్పుడు ఇల్లంతా ఎండుద్రాక్ష వాసన వచ్చేది. పొయ్యి మీద వాసన లాగేసే ఫ్యాను కూడా ఉండేది.

ఆ ఇంట్లో ఇద్దరు మగపిల్లలు. చిన్నవాడికి వేరుశనగలు పడవు. నేను వెళ్ళిన మొదటిరోజే మేడం నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరకి తీసుకెళ్ళింది. తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. వేరుశనక్కాయ బొమ్మ, దాని మీద ఎర్ర సిరాతో కొట్టివేత. పొరపాటున తింటే వెంటనే పొడవాల్సిన ఇంజెక్షను సొరుగులో చూపించింది. నాచేత మూడుసార్లు అప్పజెప్పించుకుంది. ఆరేళ్ళలో ఆ గడప లోపలికి ఒక్క గింజ రానివ్వలేదు నేను. సెలవురోజు బయట మనవాళ్ళెవరింట్లోనన్నా పల్లీ చట్నీ తింటే, తిరిగొచ్చి మూడుసార్లు చేతులు కడుక్కునేదాన్ని. పెద్దవాడికి రొట్టె అంచు కరకరలాడాలి. చిన్నవాడికి కొత్తిమీర కనబడకూడదు. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

మా అమ్మాయి గురించి నాకు తెలిసింది ఉత్తరాల్లో ఉన్నంత. "పాప కులాసా. బాగా చదువుతోంది. నీ ఆరోగ్యం జాగ్రత్త." ప్రతి ఉత్తరంలోనూ అవే మూడు ముక్కలు.

ఆరేళ్ళ తర్వాత రెండు నెలల సెలవు మీద వచ్చాను. మనసులో ఒకటే అనుకున్నాను. పిల్ల నన్ను దగ్గరకి రానిస్తే తిరిగి వెళ్ళను. బందరులోనే ఒక గది తీసుకుని, ఏదో ఒక వంటపని చూసుకుని, దాన్ని నా దగ్గరే ఉంచుకుంటాను. రానివ్వకపోతే ఏం చెయ్యాలన్నది ఆలోచించలేదు. కన్నతల్లిని, రానివ్వకపోవడమేమిటి అనుకున్నాను. ఎంత ధీమా నాది!

వాకిట్లోనే వదిన మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి దిష్టి తీసింది. గుప్పెడు ఉప్పు తిప్పి నీళ్ళలో వేసింది, అంతే. ఒక్క ఎండుమిరపకాయ లేదు. మా ఊళ్ళో దూడకి దిష్టి తీసినా మిరపకాయలు లేకుండా తియ్యరు. నిప్పులో వేశాక ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు, ఘాటొచ్చి దగ్గు తెప్పిస్తే ఏమీ లేనట్టు. ఆరేళ్ళకి వచ్చినదానికి నాలుగు మిరపకాయలకి నోచుకోలేదా అని మనసు చివుక్కుమంది. పైకి మాత్రం నవ్వాను.

అమ్మాయికి పదేళ్ళు. చక్కగా నూనె రాసి రెండు జడలు వేసుకుని, నా ముందు చేతులు కట్టుకుని నిలబడింది. "ప్రయాణం బాగా జరిగిందాండీ?" అని అడిగింది. సొంత తల్లిని అండీ అన్న పిల్లని నేనింకెక్కడా చూడలేదు. దాని తప్పేముంది, ఇంటికొచ్చిన పెద్దవాళ్ళతో మర్యాదగా మాట్లాడమని అత్త నేర్పింది. నేర్పినదే మాట్లాడింది.

వదిన ఇంట్లో కొన్ని కట్టుబాట్లున్నాయి. అగరొత్తులు వెలిగించరు. పోపు లోపల పెట్టరు, పెరట్లో రేకుల కింద కిరసనాయిలు స్టవ్వు మీద పెట్టుకోవాలి. వచ్చిన మర్నాడే చెప్పింది.

"లోపల తాలింపులవీ పెట్టకే. పెరట్లో పెట్టుకో."

"ఇల్లు వాసనొస్తుందనా వదినా?"

పిల్ల అక్కడే కూచుని లెక్కలు చేసుకుంటోంది. వదిన దానివంక ఒకసారి చూసి, "ఊఁ, అదే అనుకో" అని లోపలికెళ్ళిపోయింది.

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. పెత్తనం చూపిస్తోంది, చూపించనీ అనుకున్నాను. ఇంకో ప్రశ్న అడిగి ఉంటే ఈ కథే లేదు. నేను అడగలేదు.

మొదటి రెండు వారాలూ పిల్ల నా చేతి ముద్ద తినలేదు. వద్దనేది కాదు. "అత్త పెడుతుందిలెండి, మీరు కూర్చోండి" అనేది. కంచం పట్టుకెళ్ళి అత్త పక్కన కూచునేది. అత్త తింటున్న కంచంలోంచే చెయ్యిపెట్టి ముక్క తీసుకునేది, ఆ ఇద్దరి మధ్యా ఎంగిలి లేదు. పప్పు నేను వండినరోజు రెండు మెతుకులు కెలికి, "బాగుందండీ" అని లేచిపోయింది. నేను తిని చూశాను, ఏం బాగాలేదు. ఆరేళ్ళు వేరేవాళ్ళ నాలుకకి వండి వండి నా చెయ్యి మారిపోయింది. పప్పులో ఉప్పెంతో కూడా అంచనా తప్పింది.

ఒకరోజు సాయంత్రం మల్లెపూలు కడుతున్నాను. పిల్ల వచ్చి ఎదురుగా కూచుంది. దానంతట అది వచ్చి కూచోవడం అదే మొదలు.

"అక్కడ ఆ పిల్లలకి ఏం వండేవారండీ?"

చెప్పాను. టోర్టియా అనగానే కిసుక్కున నవ్వింది. మళ్ళీ అనమంది. పదిసార్లు అన్నాను. ఎలా చేస్తారని అడిగింది. చేతులతో చూపించాను.

"నాకూ వండుతారా?"

ఆ రోజు నాకు కలిగిన సంతోషం తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే అసహ్యమేస్తుంది.

కిరాణా కొట్లో ఎండు మొక్కజొన్న గింజలు తెచ్చి, సున్నపు తేటలో ఉడికించి రాత్రంతా నానేశాను. తమ నాయనమ్మలు అలాగే చేసేవారని మేడం చెప్పింది. అట్లా చేస్తేనే పొట్టు వదిలి పిండి జిగురొస్తుంది. కిళ్ళీలోకి వేసుకునే సున్నం కూట్లో వేస్తున్నానని వదిన నోరు నొక్కుకుంది. పన్నీరు కోసం పాలు విరగ్గొడతానంటే ఇంకా కంగారుపడింది. "కావాలని పాలెవరన్నా విరగ్గొట్టుకుంటారటే? ఆ పనేదో నేను లేనప్పుడు చేసుకో తల్లీ" అంది. మర్నాడు ఆదివారం. ఆవిడా అన్నయ్యగారూ గుడివాడలో పెళ్ళికని పొద్దున్నే బస్సెక్కారు. ఇంట్లో నేనూ, నా పిల్లా మిగిలాం.

ఇద్దరం రైతు బజారుకి వెళ్ళాం. బందరులో అది పెట్టి అప్పటికి ఎన్నాళ్ళో కాలేదు. రేకుల కింద రైతులు మెడలో ఫొటో కార్డులు వేసుకుని కూచునేవారు. ఆ రోజు ధరలు నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి ఉండేవి. టమాటాలు గట్టిగా, పులుపుగా ఉన్నవి ఏరాను. సాల్సాకి, అంటే వాళ్ళ టమాటా పచ్చడికి, మెత్తటివి పనికిరావు. మంట మీద కాల్చి తొక్క తియ్యడానికి బజ్జీ మిరపకాయలు తీసుకున్నాను. తోట్లవల్లూరు వైపు కాయలన్నాడు రైతు. మేడం వాడే నల్లచిక్కుళ్ళకి బదులు బొబ్బర్లు, రసమున్న నిమ్మకాయలు, పొలం మట్టి ఇంకా వదలని కొత్తిమీర. సంచి ఒక చెవి నేను పట్టుకుంటే రెండో చెవి పిల్ల పట్టుకుంది. నేను పట్టుకోమనలేదు.

ఎండుమిరపకాయలు ఒక ముసలమ్మ దగ్గర కొన్నాను. మేడం తెచ్చే రకం కావు, మన సన్నకాయలు, మహా ఘాటు. సగమే వేసి గింజలు తీసేద్దాం అనుకున్నాను. ముసలమ్మ మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, "తల్లీ కూతురూ అచ్చుగుద్దినట్టున్నారమ్మా, దిష్టి తీసుకోండి" అని రెండు కాయలు కొసరు వేసింది. పిల్ల సిగ్గుపడింది. నేను ఆ బజారులో నడవలేదు, తేలాను.

ఇంటికొచ్చి పనిలో పడ్డాం. గింజలు నేను రుబ్బురోట్లో రుబ్బితే, ఉండలు అది చేసింది. కడిగి ఎండబెట్టిన పాల కవర్ల మధ్య ఉండ పెట్టి, పీటతో ఒత్తితే గుండ్రంగా వచ్చింది. మొదటిది విరిగింది. రెండోది దాని చేత్తోనే ఒత్తింది, నిండు చంద్రుడిలా వచ్చింది. బజ్జీ మిరపకాయలు, టమాటాలు పెరట్లోనే కాల్చాను. సాల్సా వేలితో నాకి, "అబ్బ, పుల్లపుల్లగా ఉంది, బాగుంది!" అంది. అండీ అనడం మర్చిపోయింది. నేను విన్నాను.

అప్పటిదాకా పెరట్లోనే చేశాను కదా, ఎండుమిరపకాయలు కూడా అక్కడే వేయించి ఉండొచ్చు. గాలికి స్టవ్వు రెపరెపలాడుతోంది. అదొక సాకు. నిజం చెప్పాలంటే వదిన లేని ఆ ఒక్కపూటన్నా ఆ వంటగది నాదనిపించుకోవాలని బుద్ధి పుట్టింది. లోపల గ్యాసు పొయ్యి మీద పెనం పెట్టాను. పాల కోసం పిల్లి వస్తుందని పెరటి తలుపు గొళ్ళెం వేశాను. పిల్లని పక్కన పీట మీద కూచోబెట్టుకున్నాను.

కాయలు నల్లబడ్డాయి. ఎండుద్రాక్ష వాసన లేదు, ఏమీ లేదు. ఒక్కసారిగా ఘాటు లేచింది. నాకు కళ్ళంట నీళ్ళు కారాయి. పిల్ల దగ్గింది. మళ్ళీ దగ్గింది.

నేను నవ్వాను.

"ఘాటొచ్చింది చూశావా! నా తల్లికి ఏ దిష్టీ లేదు!" అని, ముసలమ్మ కొసరేసిన రెండు కాయలు కూడా దాని తలచుట్టూ తిప్పి పెనం మీద పడేశాను. నవ్వుతుందని. వచ్చినరోజు ఎవరూ మిరపకాయలతో తియ్యని దిష్టి నేనే తీసుకుంటున్నానని.

పిల్ల గౌను అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. "మంచినీళ్ళు తాగమ్మా" అన్నాను. "పర్వాలేదండీ" అంది. పరాయివాళ్ళ ముందు దగ్గు ఆపుకున్నట్టు ఆపుకుంది. అత్త దగ్గరైతే చెప్పి ఉండేది, లేచి బయటికి పరిగెత్తి ఉండేది. నేను చేస్తున్న వంటకి మర్యాద తక్కువవుతుందని అక్కడే కూచుంది.

గోడ అవతలనుంచి పక్కింటావిడ కేకేసింది. "ఎవరికండీ దిష్టి, పట్టపగలు?"

"మా అమ్మాయికేనండీ!" అన్నాను గొప్పగా.

ఆవిడ గొంతు మారిపోయింది. "పిల్ల లోపలుందా? అయ్యో, బయటికి తీసుకురండి! తలుపు తియ్యండి!"

తిరిగి చూస్తే పిల్ల భుజాలు పైకి లాక్కుంటోంది. గొంతులో పిల్లికూతలు. పెదాలు రంగు మారుతున్నాయి. నేను దాన్ని ఎత్తుకుని నిలబడ్డానే కానీ ఏం చెయ్యాలో తెలీదు. గొళ్ళెం కూడా చేతికి అందలేదు. వీధి తలుపులోంచి ఆవిడే వచ్చింది. తిన్నగా ముందు గదిలో దేవుడి పటం వెనక చెయ్యిపెట్టి, పీల్చే మందు తీసి, పిల్ల నోటికి పెట్టి నొక్కింది. ఇరవై రోజులుగా ఆ పటానికి దణ్ణం పెట్టుకుంటున్నాను. వెనక ఏముందో నాకు తెలీదు.

రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ముక్కుకి ఆవిరి పెట్టారు. డాక్టరుగారు నన్ను అడిగారు.

"ఉబ్బసం ఎప్పట్నుంచి ఉందమ్మా?"

నేను పక్కింటావిడ వంక చూశాను. "ఐదో ఏటి నుంచండీ" అందావిడ.

"ఆఖరిసారి ఎప్పుడొచ్చింది?"

"నిరుడు చలికాలంలోనండీ" అని కూడా ఆవిడే చెప్పింది.

డాక్టరుగారు నావైపు తిరిగి, "మీరేమవుతారు?" అన్నారు.

నర్సు కూడా తలెత్తి చూసింది.

సాయంత్రానికి వదిన వచ్చింది, పెళ్ళి పట్టుచీరతోనే. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే ఈ జన్మంతా ఆవిడకి రుణపడి ఉండేదాన్ని. పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని, "తప్పు నాదే. ఏడాదై రాలేదు కదా, పేరెత్తితే తిరగబెడుతుందని భయపడ్డాను. ఉత్తరంలో రాస్తే నువ్వక్కడ బెంగపెట్టుకుంటావని రాయలేదు" అంది. పిల్ల వినేటట్టు ఆ జబ్బు పేరు కూడా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరట. తప్పు పట్టడానికి ఒక్క మనిషన్నా దొరికితే బాగుండేది. నేను తప్ప ఎవరూ దొరకలేదు.

రుబ్బిన పిండి రోట్లోనే ఎండిపోయింది. వదిన దాన్ని గీకి కాకులకి వేసింది. వంటగది గోడలు రెండు రోజులు కడిగింది.

మూడోనాడు పిల్ల మంచం మీద కూచుని బొమ్మలు వేసుకుంటుంటే పక్కన కూచున్నాను. అది తలెత్తకుండానే అడిగింది.

"ఆ పిల్లలకి కూడా ఇలా వచ్చేదాండీ?"

"లేదమ్మా. వాళ్ళ కాయలు వేరు. చిన్నవాడికి మాత్రం వేరుశనగలు పడవు. ఆరేళ్ళు ఒక్క గింజ ఇంట్లోకి రానివ్వలేదు నేను" అన్నాను.

అన్నాకగానీ ఏమన్నానో నాకు తెలియలేదు. పిల్ల పెన్సిలు ఆగింది. నావైపు చూసింది. పదేళ్ళ పిల్ల చూపులో కోపం ఉంటే భరించొచ్చు. కోపం లేదు. విషయం అర్థమైపోయిన పెద్దమనిషిలా చూసి, "మంచిదండీ" అంది. మళ్ళీ బొమ్మ వేసుకుంది.

సెలవు ఇంకా మిగిలుండగానే వెళ్ళిపోయాను. వదిన ఉండమని బతిమాలింది, నిజంగానే బతిమాలింది. నాకే ధైర్యం చాలలేదు. నా చేతుల్లో పిల్లకి ఏమవుతుందోనని నన్ను చూస్తే నాకే భయమేసేది. బస్టాండులో అది నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. "జాగ్రత్తగా వెళ్ళిరండి" అంది. అత్త కొంగు పట్టుకుని, బస్సు కదిలేదాకా మర్యాదగా చెయ్యి ఊపింది.

కువైట్‌లో ఫ్రిజ్ మీద కాగితం అలాగే ఉంది. మగపిల్లలిద్దరూ వచ్చి నడుం వాటేసుకున్నారు. ఆ వారమే మేడం కొత్త ఎండుమిరపకాయలు నా చేతికిచ్చింది. పెనం పెట్టాను. కాయలు వెయ్యబోయి ఆగిపోయాను. పెనమూ, చిన్న కరెంటు పొయ్యీ బాల్కనీలోకి మోసుకెళ్ళి, వెనక తలుపు గట్టిగా మూసి, ఆ మండుటెండలో నిలబడి వేయించాను. ఎండుద్రాక్ష వాసనే వచ్చింది, ఘాటు లేదు. అయినా లోపలికి తేలేదు.

మేడం తలుపు తీసుకుని వచ్చింది. ఈ ఎండలో బయటెందుకని అడిగింది.

"పాపకి పడదు" అన్నాను.

ఆవిడ లోపల ఆడుకుంటున్న మగపిల్లలిద్దరివంకా చూసి, మళ్ళీ నావంక చూసి, "ఏ పాపకి?" అంది.